తర్ఫా లెక్కపెట్టని గొర్రెపిల్లలు

ఐన్ లౌజా ఊరి బడికి ట్యాబ్లెట్లు వచ్చిన రోజునే పెద్ద టీచరు ఇన్షిరాహ్ వాటిని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది. పిల్లల చేతికిస్తే పగలగొడతారని ఆవిడ భయం. అసలు బయటికే తీయకపోతే పగిలే ప్రసక్తే ఉండదు కదా అని ఆవిడ ధీమా. రెండో తరగతి టీచరు ఖితామ్ రోజూ వెంటపడి, బతిమాలి, అలిగి, చివరికి ఏం జరిగినా పూచీ నాదేనని అందరి ముందూ ఒప్పుకుంటే తప్ప ఆ బీరువా తలుపు తెరుచుకోలేదు.

తెరుచుకున్నాక చూడాలి రెండో తరగతి సంబరం. ఉన్నదే ఏడుగురు పిల్లలు. షౌబక్ కొండల మీద చలి ఎముకలు కొరికేస్తోంది. గది మధ్యలో చమురు పొయ్యి చుట్టూ ముడుచుకు కూర్చుని, ఒళ్లో ట్యాబ్లెట్లు పెట్టుకుని, ఊపిరి కూడా మెల్లగా పీల్చుకున్నారు. జయ్యాద్ అనే పిల్లాడు వేలు నాలిక మీద తడి చేసుకుని మరీ తెర మీద రుద్దాడు. వాళ్ల తాత ఖురాన్ పేజీలు తిప్పేది అలాగే. తెర కదలకపోయేసరికి "మిస్, ఇది పాడైపోయింది" అని తేల్చేశాడు. పక్కనే కూర్చున్న తర్ఫా వాడి వేలిని తన స్వెట్టరుకేసి తుడిచి, ఇప్పుడు తిప్పు అంది. తిరిగింది.

తర్ఫా ఆ తరగతికి చిన్న పంతులమ్మ. ఏడేళ్ల పిల్ల, చలికాలమంతా ముక్కు కారుతూనే ఉంటుంది, అన్నగారి పాత స్వెట్టరు చేతులు మోకాళ్లదాకా వేలాడుతుంటాయి. చదవడం కూడబలుక్కుంటూ చదువుతుంది గానీ ఏదీ వదలదు. టీ పొట్లం మీద రాతలు, మందుసీసా మీద రాతలు, కనిపించిందల్లా చదివేయాల్సిందే. ఇక కూడికలా, ఖితామ్ డబ్బాలో పోసి ఉంచిన ఆలివ్ గింజల్ని పదేసి చొప్పున కుప్పలు పెట్టి, మిగిలినవి పక్కన పేర్చి, టీచరు అడగబోయేలోపే జవాబు చెప్పేస్తుంది. పక్కవాడికి రాకపోతే తన గింజలు కూడా వాడి ముందు పోసి నేర్పిస్తుంది. అలాంటి పిల్ల మీద ఏ టీచరుకి ప్రేమ పుట్టదు?

ఖితామ్‌కి లెక్కలంటే ప్రాణం. దాని వెనక ఒక సంగతి ఉంది. జర్ఖా నగరంలో వాళ్లింట్లో మగపిల్లలు ముగ్గురు, ఆడపిల్లలు ఎనిమిది మంది. ఎనిమిదోది పుట్టగానే తండ్రి విసిగిపోయి, ఇక ముగించాం అన్నట్టుగా ఖితామ్ అని పేరు పెట్టేశాడు. ఇంటికి ఎవరైనా వచ్చి పిల్లలెంతమంది అని అడిగితే ఆయన తడుముకోకుండా "ముగ్గురు" అనేవాడు. కాఫీ పళ్లెం పట్టుకుని తెర వెనక నిలబడి ఖితామ్ ఆ మాట ఎన్నిసార్లు విందో. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఆయన ఈడు వాళ్లలో చాలామంది అలాగే అనేవారు. కానీ ఆ మాట ఆమెకి ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అంకెలు మాత్రం ఎవరి మొహమూ చూడవు, ఉన్నవాళ్లని ఉన్నట్టు చెబుతాయి. అందుకే అవి ఆమెకి చిన్నప్పుడే నచ్చాయి.

పొలాల్లో మంచు కరిగే రోజుల్లో పరీక్ష వచ్చింది. అది కూడా ట్యాబ్లెట్లోనే. వార్తలు చదివే ఆవిడ గొంతు లాంటి గొంతు ఒకటి లోపలి నుంచి మాట్లాడుతుంది. బొమ్మలో ఎన్ని గొర్రెలున్నాయో ఒక్కొక్కదాన్నీ తాకి లెక్కపెట్టి, సరైన అంకె నొక్కమంటుంది. మిగతా ఆరుగురూ కిందా మీదా పడి గట్టెక్కారు. తర్ఫా మాత్రం రెండు చేతులూ చంకల్లో దాచుకుని కూర్చుంది. గొర్రెలు వచ్చి పోయాయి. ఆడుకుంటున్న పిల్లలు వచ్చి పోయారు. కోడిపిల్లలు వచ్చి పోయాయి. వరసగా మూడింటికి జవాబు రాకపోతే ఆ పరీక్ష తనంతట తనే ముగిసిపోతుంది. ముగిసిపోయి తర్ఫాకి సున్నా చూపించింది.

ఖితామ్ ట్యాబ్లెట్టు పక్కన పెట్టి తర్ఫా ఎదురుగా కూర్చుంది. ఏమైందమ్మా అని అడిగితే ఆ పిల్ల నేల చూపులు చూస్తూ "తెలీదు మిస్" అంది. డబ్బాలోంచి గుప్పెడు గింజలు తీసి ముందు పోస్తే చకచకా లెక్కపెట్టి చెప్పింది. తెర చూసి బెదిరిందేమో అనుకుందామంటే, తడివేలు పొడివేలు అని అందరికీ నేర్పింది అదే మరి.

ఇన్షిరాహ్ ఆ సున్నా చూసి నిట్టూర్చింది. కొన్నాళ్లలో విద్యాశాఖ ఆఫీసు నుంచి నుహా మేడమ్ వచ్చి, తప్పినవాళ్లకి దగ్గరుండి మళ్లీ పెడుతుందని, అప్పుడూ ఇంతే అయితే పట్నంలో వెనకబడిన పిల్లలకి పెట్టిన ప్రత్యేక తరగతిలో వేయక తప్పదని చెప్పింది. పట్నమంటే బస్సు. తర్ఫా తండ్రి నాయిఫ్ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆడపిల్ల నడిచి వెళ్లగలిగినంత దూరమే చదువు, బస్సెక్కాల్సి వచ్చిన రోజున చాలు అని ఆయన పెద్దకూతురి విషయంలో అన్నాడు, అన్నంత పనీ చేశాడు. ఆ పిల్ల ఇప్పుడు గొర్రెలు కాస్తోంది. తర్ఫా చదువు ఆ రెండో పరీక్ష మీదే ఆధారపడి ఉందన్నమాట.

ఖితామ్ ఆ రాత్రంతా ఆలోచించింది. టీచర్ల శిక్షణలో ఒక మాట పదేపదే చెప్పారు, పిల్లలకి వాళ్ల చుట్టూ ఉన్నవాటితోనే నేర్పాలని. తెరమీది గొర్రెలు ఎవరివో ఏమో, ఈ పిల్లకి కొత్త. తన గొర్రెలైతే ఎందుకు లెక్కపెట్టదు? ఇంత మంచి ఉపాయం తట్టినందుకు తనని తానే మెచ్చుకుంది పాపం.

మర్నాడు బడి వదిలాక నాయిఫ్ దొడ్డి దగ్గరికి వెళ్లింది. గొర్రెలు ఈనిన రోజులవి. తల్లుల పక్కన పిల్లలు తడబడుతూ నిలబడి ఉన్నాయి. ఫోటో తీసుకుంటానంటే నాయిఫ్ మురిసిపోయాడు. "మాషాఅల్లా అని తియ్యండి టీచర్" అని ఒక్క మాట అన్నాడు. ఆమె మాషాఅల్లా అనే తీసింది. దిష్టి సంగతి అంతటితో తీరిపోయిందనుకుంది.

తెల్లారి తరగతిలో ఆ ఫోటో అందరి తెరల మీదా పెట్టింది. తర్ఫా మొహం మొదట వెలిగిపోయింది. నల్ల చెవులది, కుంటిది, మచ్చది అని పేర్లు కూడా చెప్పింది. "మీవే కదా, ఏదీ, ఎన్నున్నాయో లెక్కపెట్టు" అంది ఖితామ్. అంతే, ఆ వెలుగు ఆరిపోయింది. తర్ఫా రెండు అరచేతులూ తెర మీద కప్పేసింది. ఈలోగా జయ్యాద్ ఉత్సాహం పట్టలేక ఒకటి, రెండు అని మొదలెట్టాడు. తర్ఫా వాణ్ణి ఒక్క తోపు తోసి, ట్యాబ్లెట్టుని స్వెట్టరు లోపలికి దోపుకుని, ఏడుస్తూ, సంచీ కూడా తీసుకోకుండా ఇంటికి పరుగెత్తింది. ఇన్షిరాహ్ గేటు దాకా వెంటపడింది. ఆవిడ పరుగెత్తింది పిల్ల కోసమా, ట్యాబ్లెట్టు కోసమా అంటే చెప్పడం కష్టం.

పొద్దెక్కకముందే తర్ఫా నాయనమ్మ సబ్‌హా బడికి వచ్చింది. ఊరంతా మర్యాదగా హజ్జా అని పిలిచే పెద్దావిడ. ట్యాబ్లెట్టుని శాలువాలో చుట్టి, చేతికి తగలకుండా పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది.

"మా గొర్రెలు మీకేం అన్యాయం చేశాయి పంతులమ్మా?" అంది, కూర్చోమన్నా కూర్చోకుండా.

ఖితామ్ తడబడుతూ, లెక్క నేర్పుతున్నానని చెప్పబోయింది.

"నేర్పు, వద్దన్నదెవరు? గింజలున్నాయి, రాళ్లున్నాయి, ఈ కొండంతా రాళ్లే. ప్రాణమున్నవాటి జోలికెందుకమ్మా? ఎన్నున్నాయని వేలు పెట్టి చూపించడం మా ఇంటా వంటా లేదు. నువ్వు ఏ ఊరి దానివో గానీ, మీ ఇంట్లో పెద్దవాళ్లెవరూ చెప్పలేదా నీకు?"

ఆ మాట అనేసి వెళ్లిపోయింది. మర్నాడు తర్ఫా రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

పెద్దవాళ్లు చెప్పలేదా అంటే, చెప్పారు. ఖితామ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. మనవలెంతమంది అని ఎవరైనా అడిగితే వాళ్ల నాయనమ్మ "దేవుడిచ్చినంతమంది" అనేది తప్ప అంకె చెప్పేది కాదు. జర్ఖా ఇరుకు వీధుల్లో పెరిగి ఆ సంగతే మరిచిపోయింది తను. పరీక్షలో వచ్చిన బొమ్మలు ఒక్కొక్కటీ కళ్లముందు తిరిగాయి. గొర్రెలు, పిల్లలు, కోడిపిల్లలు. అన్నీ ప్రాణమున్నవే. చెంచాలో కప్పులో వచ్చి ఉంటే ఆ పిల్ల చిటికెలో చెప్పి ఉండేది, కానీ అక్కడిదాకా వెళ్లకుండానే పరీక్ష ఆగిపోయింది. తన బుర్రకి ఇంతసేపు పట్టిందేమిటా అని తనని తానే తిట్టుకుంది. బొమ్మలు మార్చమని ఇన్షిరాహ్‌ని అడిగితే, ఆ అధికారం తనకు లేదని, నుహా మేడమ్‌కీ లేదని, ఎవరికుందో తనకి తెలీదని చెప్పింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. సాయంత్రం కిలో కాఫీ గింజలు, కిలో పంచదార పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. గుమ్మం పక్కన బోర్లించిన పెనం మీద తర్ఫా తల్లి రొట్టెలు కాలుస్తోంది. లోపల పరుపు మీద సబ్‌హా కూర్చుని ఉంది. మూలన తర్ఫా, ఒళ్లో ఒక గొర్రెపిల్ల. ఎంత కోపమున్నా గుమ్మంలోకి వచ్చినవాళ్లకి మర్యాద తప్పదు కదా. సబ్‌హా కాఫీ పోసి ఇచ్చింది.

ఖితామ్ ఆ కప్పు అందుకుని, తాగకుండా నేల మీద తన ముందు పెట్టుకుంది.

వచ్చినవాళ్లు కాఫీ ముట్టుకోకుండా ముందు పెట్టుకున్నారంటే ఏదో అడగడానికి వచ్చినట్టు. "తాగు, నీ పని అయిందనుకో" అని ఇంటివాళ్లు అనేదాకా ముట్టుకోరు. పిల్లనడగడానికో తగువు తీర్చుకోవడానికో వెళ్లిన మగ పెద్దలు చేసే పని అది. సబ్‌హా ఆ కప్పు వైపు చూసింది, ఖితామ్ వైపు చూసింది.

"ఏం, మీసాలు మొలిచాయా నీకు?"

"అవసరమైతే మొలిపించుకుంటాను హజ్జా. ముందు నా మాట వినండి."

ముసలావిడ పెదవి కొసన నవ్వు వచ్చీ రానట్టు కదిలింది. బడికి పంపమనేగా, పంపిస్తాను, ప్రాణమున్నవాటి లెక్క మాత్రం దానిచేత పెట్టించకు అంది. ఖితామ్ కప్పు ముట్టుకోలేదు. ఆ లెక్క పెట్టకపోతే ఏమవుతుందో, బస్సు సంగతి, పట్నం సంగతి, అన్నీ చెప్పింది. పెనం దగ్గర తర్ఫా తల్లి వింటోంది. ఒక కూతురి చదువు అలాగే ఆగిపోవడం ఆమె చూసింది. సబ్‌హా కాఫీ కూజాని పక్కకి జరిపింది.

"అయితే ఆ కాఫీ చల్లారనీ" అంది. "నేనేం చెయ్యను? దిష్టి నేను పుట్టించానా?"

ఖితామ్ తర్ఫా వైపు తిరిగింది. కోపంగా ఉన్నావా అని అడిగితే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నీకు రాక కాదని నాకు తెలుసు తల్లీ. ఎందుకు పెట్టవో నాకొక్కదానికి చెప్పు."

తర్ఫా గొర్రెపిల్ల వీపు నిమురుతూ, దానికి చెబుతున్నట్టుగా చెప్పింది.

"పెడితే చచ్చిపోతారు మిస్. రాకాన్ చచ్చిపోయాడుగా. నేనే లెక్కపెట్టా."

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. ఒకటో తరగతిలో పదిదాకా నేర్చుకున్న రోజున, ఆ గొప్ప ఇంట్లో చూపించుకోవాలని, నాయనమ్మ లేని వేళ గది మధ్యలో నిలబడి ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. చివరికి ఉయ్యాల దగ్గరికి వెళ్లి తమ్ముడు రాకాన్ పొట్ట మీద వేలు పెట్టి లెక్క ముగించింది. వాడు నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ చలికాలమే వాడికి జ్వరం వచ్చింది, తగ్గలేదు. పలకరించడానికి వచ్చిన అత్త టీ తాగుతూ, ఇంట్లోవాళ్లని వేలెత్తి లెక్కపెడితే ఊరికే పోతుందా అని ఎవరితోనో అంది. ఆవిడ ఆ మాట ఇల్లు చేరేలోపే మరిచిపోయి ఉంటుంది. విన్న పిల్ల మరిచిపోలేదు. ఏడాదిగా ఆ బరువంతా కడుపులో పెట్టుకుని తిరిగింది, గింజలు లెక్కపెడుతూ, అందరికీ నేర్పుతూ.

"ఇటు రా" అంది సబ్‌హా.

తర్ఫా వెళ్లింది. ముసలావిడ దాని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"రాకాన్‌ని ఈ లోకంలోకి ఎవరు తీశారో తెలుసా? ఈ చేతులు. కారు దొరకలేదు, ఆసుపత్రికి వెళ్లే దారి లేదు. వాడు బయటపడి కేర్‌మన్నాక నేను మొదట చేసిన పనేంటో తెలుసా? వేళ్లు లెక్కపెట్టా. ఈ చెయ్యి, ఆ చెయ్యి, ఈ కాలు, ఆ కాలు. అన్నీ ఉన్నాయా లేదా అని. నీకంటే ముందు వాణ్ణి లెక్కపెట్టింది నేనే."

తర్ఫా కళ్లు పెద్దవి చేసి చూసింది.

"నిన్నూ పెట్టా. మీ నాన్ననీ పెట్టా. ఈ ఊళ్లో సగం మంది వేళ్లు నేను లెక్కపెట్టినవే. లెక్కపెడితే పోయేటట్టయితే ఈ కొండ మీద పొగ లేచే ఇల్లే ఉండేది కాదే పిచ్చితల్లీ."

"మరి అత్త అందిగా?"

"మీ అత్త నోటికి తాళం ఇంకా ఎవరూ చెయ్యలేదు. వాడిది జ్వరం. దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు. నీ వేలికి అంత బలం ఎక్కడిదే? నీ ముక్కు తుడుచుకోవడానికే చాలదు అది."

అంటూనే తన ముసుగు కొంగుతో ఆ ముక్కు తుడిచింది, తర్వాత తన కళ్లు తుడుచుకుంది. తర్ఫా తల్లి పిండి చేతులతోనే వచ్చి కూతుర్ని పొదివి పట్టుకుంది. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది, మామూలు పిల్లలు ఏడ్చినట్టు గట్టిగా, వెక్కిళ్లు పెట్టి. గొర్రెపిల్ల బెదిరి బయటికి గెంతింది. ఈ ముసలిదాని కళ్లముందే తిరుగుతోంది, నాకు తెలీలేదు చూడు అని సబ్‌హా ఖితామ్‌తో రెండు మూడుసార్లు అంది. ఆ కళ్లలో బడికి వచ్చిన రోజు కోపం ఇప్పుడు లేదు.

కానీ చిన్నప్పటి నుంచీ పాటించింది ఒక్క పూటలో పోతుందా? ఏడుపులు సద్దుమణిగాక ఆవిడ మళ్లీ మొదటికే వచ్చింది. పసిబిడ్డ వేళ్లు వేరు, అప్పుడైనా మనసులో దేవుడి పేరు అనుకుంటూనే పెట్టాను, ఉత్త నోటితో అంకెలు వల్లిస్తూ ప్రాణాల్ని లెక్కపెట్టడం నాకు నచ్చదు అంది. ఖితామ్ వాదించలేదు. దిష్టి ఉందో లేదో తేల్చడానికి ఆమె రాలేదు. ఆవిడ అన్న "ఉత్త నోటితో" అన్న మాట దగ్గర ఆమె ఆలోచన ఆగింది.

"హజ్జా, కళ్లంలో గోధుమలు కొలిచేటప్పుడు ఏమనేవారు? మా నాయనమ్మ ఏవో మాటలు చెప్పేది, నాకు గుర్తు లేవు."

సబ్‌హా మొహంలోకి ఎక్కడి నుంచో ఓ కళ వచ్చింది. గుర్తు లేకపోవడమేంటి, ఆ మాటలు లేకుండా కుంచం ఎత్తుతారా అంది. పక్కనున్న కాఫీ గింజల పొట్లం విప్పి, ఒక్కో గింజా పరుపు మీద పెడుతూ చెప్పింది. మొదటిదానికి "దేవుడొక్కడే". రెండోదానికి "ఆయనకి జోడు లేడు". తర్వాత "మేలు కలగాలి". ఆ పైన "లాభం రావాలి". అయిదోదానికి అరచెయ్యి చాపి "చెడ్డకంట్లో చెయ్యి". ఆరోదానికి "ఆయన చాటున". ఏడుకి "చల్లగా". ఎనిమిదికి "భద్రం". అంకె ఒక్కటీ నోట రాలేదు, లెక్క ఒక్కటీ తప్పలేదు.

తర్ఫా నోరు తెరుచుకుని చూస్తోంది. ఎక్కడ ఏ మాట వస్తుందో ఒక్కసారికే పట్టేసింది. ఖితామ్ సంచీలోంచి ట్యాబ్లెట్టు తీసింది. నోటితో మీ నాయనమ్మ మాటలు చెప్పు, వేలితో అంకె నొక్కు అంది. సబ్‌హా అనుమానంగా చూసింది. ఇవి గోధుమల మాటలు, గొర్రెల మాటలు కావు అంది. మళ్లీ తనే, "గోధుమల్ని కాచినవాడు గొర్రెల్ని కాయడా ఏంటి?" అని లేచి నిలబడింది. ముగ్గురూ దొడ్డిలోకి వెళ్లారు. నల్ల చెవులది, కుంటిది, మచ్చది, ఒక్కొక్కదాని తల మీదా తర్ఫా చెయ్యి వేసింది. మొదటి గొర్రెపిల్ల దగ్గర మాట గొణిగింది. ఎనిమిదోదాని దగ్గరికి వచ్చేసరికి "భద్రం" అని గట్టిగా అంది.

"మనుషుల్ని కూడా పెట్టొచ్చా నాయనమ్మా?"

సబ్‌హా ఆలోచించింది. "మనవాళ్లని పెట్టుకో. నీకు ప్రాణమైనవాళ్లని. ఆ పలకలో బొమ్మ పిల్లల్ని పెట్టినా తప్పులేదు. దారినపోయేవాళ్ల లెక్క మనకెందుకు, వాళ్లకి వాళ్ల నాయనమ్మలుంటారు" అంది. తర్వాత ఖితామ్ వైపు తిరిగి, "ఇక పోయి తాగు ఆ కాఫీ, మీసాలదానా" అంది.

కాఫీ చల్లారి చేదెక్కింది. ఖితామ్ చుక్క మిగల్చకుండా తాగింది.

నుహా మేడమ్ ఒక వానపూట వచ్చింది. కళ్లజోడు, చేతిలో గొడుగు, త్వరగా ముగించుకుని కొండ దిగాలన్న తొందర. తర్ఫాని పొయ్యి పక్కన కూర్చోబెట్టి పరీక్ష తెరిచింది. ఖితామ్‌ని కిటికీ దగ్గర నిలబడమంది, మాట సాయం చెయ్యకూడదంది. ఖితామ్ కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల చేతులు మళ్లీ చంకల్లోకి పోతాయేమోనని ఆ చేతుల వైపే చూస్తోంది.

గొర్రెలు వచ్చాయి. వార్తల గొంతు అడగాల్సింది అడిగింది. తర్ఫా కదల్లేదు. నుహా మేడమ్ గడియారం చూసుకుంది. అప్పుడు తర్ఫా ముక్కు ఎగబీల్చి, స్వెట్టరు చెయ్యి పైకి లాక్కుని, మొదటి గొర్రె మీద వేలు పెట్టింది.

"దేవుడొక్కడే" అంది.

నుహా మేడమ్ తలెత్తింది. ఈ పిల్ల ప్రార్థన చేస్తోందా, లెక్కపెడుతోందా అన్నట్టు ఖితామ్ వైపు చూసింది. ఖితామ్ నోరు విప్పలేదు, విప్పకూడదు కదా. తర్ఫా "ఆయన చాటున" దాకా వెళ్లి, కింద ఉన్న అంకెల్లో ఆరు నొక్కింది. తెర మీద పచ్చ నక్షత్రం మెరిసింది. మేడమ్‌కి నమ్మకం కుదరలేదు, గుడ్డిగా నొక్కి ఉంటుందనుకుంది. ఆడుకునే పిల్లల బొమ్మ వచ్చింది. ఈసారి ఆవిడ ముందుకి వంగి మరీ చూసింది. తర్ఫా ఒక్కొక్కరినీ తాకుతూ వెళ్లి, ఆఖరి పిల్లాడి దగ్గర అరచెయ్యి చాపి "చెడ్డకంట్లో చెయ్యి" అంది. ఆ చెయ్యి సరిగ్గా మేడమ్ కళ్లజోడు ముందుకి వచ్చింది. ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. తర్ఫా అయిదు నొక్కింది. మళ్లీ నక్షత్రం. కోడిపిల్లలకీ నక్షత్రమే. ఆ తర్వాత చెంచాలు, కప్పులు, కూడికలు, తీసివేతలు వచ్చాయి. వాటికి నాయనమ్మ మాటలతో పనిలేదు. తర్ఫా మామూలు అంకెలతో చకచకా ముగించి, ముక్కు తుడుచుకుని, ఇంకేం లేవా అన్నట్టు చూసింది.

నుహా మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అంకె సరిగ్గా నొక్కాలనే ఉంది గానీ నోటితో ఏమనాలో ఎక్కడా లేదు అని తనలో తనే అనుకుని, ఫలితం పంపేసింది. గొడుగు తీసుకుంటూ, ఏడుకి ఏమంటారే అని తర్ఫాని అడిగింది. "చల్లగా" అంది తర్ఫా. ఆవిడ ఆ మాట ఓసారి తనూ అనుకుని వెళ్లిపోయింది. ఇన్షిరాహ్ వచ్చి, పట్నం తరగతి సంగతి ఇక లేదు, తర్ఫా ఇక్కడే చదువుకుంటుంది అని చెప్పింది. ఖితామ్ అప్పుడు కిటికీ ఊచ వదిలింది. అరచేతిలో ఊచ అచ్చు పడి ఉంది.

బడి వదిలే వేళయింది. వాన తగ్గలేదు. గేటు దగ్గర సబ్‌హా శాలువా కప్పుకుని మనవరాలి కోసం నిలబడి ఉంది. ఖితామ్ ట్యాబ్లెట్లు ఒక్కొక్కటే తుడిచి బల్ల మీద పేరుస్తోంది. పిల్లలు చెప్పులేసుకుని గుమ్మం దగ్గర గుంపుకట్టారు. తర్ఫా వాళ్లని ఆపింది. అందరూ వరసగా నిలబడండి అంది. చిన్న పంతులమ్మ కదా, నిలబడ్డారు.

జయ్యాద్ తల మీద చెయ్యి వేసి "దేవుడొక్కడే" అంది. వాడు కితకితలు పెట్టినట్టు మెడ ముడుచుకున్నాడు. తర్వాతి పిల్ల తల మీద "ఆయనకి జోడు లేడు". అలా ఒక్కొక్కరినీ తాకుతూ, తాకించుకున్నవాళ్లని వానలోకి వదులుతూ, ఆరుగురినీ పంపించి, చివర తన తల మీద తనే చెయ్యి పెట్టుకుని "చల్లగా" అంది. తరగతి అయిపోయింది. గుమ్మం దాటి రెండడుగులు వేసింది కూడా.

ఆగింది. వెనక్కి చూసింది. గబగబా లోపలికి వచ్చి, ట్యాబ్లెట్లు పేరుస్తున్న ఖితామ్ ముందు నిలబడింది. తల అందదు కాబట్టి ఆమె చేతి మీద తన చిన్న చల్లటి అరచెయ్యి ఆనించింది.

"భద్రం" అంది.

అని, వానలో నాయనమ్మ దగ్గరికి పరుగెత్తింది.

పుట్టింట్లో ఖితామ్ ఎనిమిదో ఆడపిల్ల. ఏ అతిథి అడిగినా, తండ్రి ఎన్నిసార్లు చెప్పినా, ఆ లెక్క మూడు దగ్గరే ఆగిపోయేది. ఎనిమిది దాకా వచ్చి, తన మీద చెయ్యి వేసి, దేవుడి పేరు చెప్పి తనని తనవాళ్లలో కలుపుకున్న మనిషి ఇన్నేళ్లకి ఈ ముక్కు కారే పిల్ల. కళ్లు నిండిపోయి ఎదురుగా ఉన్న ట్యాబ్లెట్లు ఆమెకి మసకగా కనిపించాయి.

ఇన్షిరాహ్ గుమ్మంలోకి వచ్చి, మెడలో తాళంచెవి సవరించుకుంటూ, అన్నీ సరిగ్గా ఉన్నాయా, లెక్కపెట్టావా అని అడిగింది.

"ఇంకా లేదండీ" అంది ఖితామ్. "ఒక్క నిమిషం ఆగండి, పెడతాను."

చెయ్యి మాత్రం ఆ పిల్ల తాకిన చోటే, కదపకుండా ఉంచింది.